గతుకుల దారికి గట్టి స్ప్రింగు

జియా సరాయ్‌లో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము



మన సభలలో పోతన భాగవతమును గూర్చియో, త్యాగరాజస్వామివారి కృతులను గూర్చియో, సంక్రాంతి ముగ్గులను గూర్చియో ప్రసంగములుండుట వాడుక. మోటారుబండి ముందు చక్రముల స్ప్రింగులను గూర్చి మాటలాడవలసినదని కార్యదర్శిగారు కోరినపుడు నాకు వింతగానే తోచినది. కారణమడుగగా వారు చెప్పినదిది: మనవారి పిల్లలలో కొందరు పాత పికప్పు బండ్లను కొని, వాటి ముందుభాగమును విప్పి, కాయిలోవర్లు అను క్రొత్త సరంజామా అమర్చి, లదాఖునకును స్పితికిని పోవలయునని ఉవ్విళ్లూరుచున్నారట. తండ్రులకు అది యేమో తెలియదు. తల్లులకు భయము. పిల్లలు చెప్పు మాటలలో సగము ఇంగ్లీషు, తక్కిన సగము మిస్త్రీల హిందీ. కావున తెలుగులో ఒకరు చెప్పిన బాగుండునని వారి యభిప్రాయము. ఈ పని కూడదనుటకు నేను రాలేదు, చేసితీరవలయుననుటకును రాలేదు. బండి క్రింద ఏమున్నదో, దానిని మార్చినపుడు ఏ బరువు ఎక్కడికి పోవునో చెప్పెదను. అది తెలిసినపిమ్మట అవుననుట కాదనుట ఇంటిలోనే తేల్చుకొనవచ్చును.

మనము కూర్చున్న యీ చోటి పేరే ప్రయాణమునకు సంబంధించినది. సరాయి యనగా పారసీకమున బాటసారుల విడిది. మన సత్రము వంటిది. బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్, యూసుఫ్ సరాయ్ — దక్షిణ ఢిల్లీలో ఎటు తిరిగినను ఈ పేర్లే. గుఱ్ఱములును బండ్లును ఆగిన చోట్ల పేర్లివి. నేడీ జియా సరాయ్ సందులలో రెండు మోటారు సైకిళ్లు ఎదురుపడినచో ఒకటి వెనుకకు జరుగవలసినదే. ప్రక్కనే ఐ.ఐ.టి. ఉన్నది, 1961లో ఇంజనీరింగు కళాశాలగా స్థాపితమై 1963లో ఐ.ఐ.టి. అయినది. ఇవతల, గేట్ పరీక్షకును ఇంజనీరింగు సర్వీసు పరీక్షకును చదువుటకు వచ్చిన మన తెలుగు పిల్లలు ఎందరో ఇక్కడి ఇరుకు గదులలో ఏండ్లు గడపినారు. జిరాక్సు దుకాణములలో మెషీన్ డిజైన్ నోట్సు కట్టలు కొని స్ప్రింగు సూత్రమును కంఠస్థము చేసినవారు ఈ సభలోనే కొందరుందురు. ఆ సూత్రమే నేటి విషయము. కాగితముపై గాక బండి క్రింద దూరి చూతము.

మన పల్లెల ఎడ్లబండికి స్ప్రింగు లేదు. చక్రము రాతినెక్కినపుడు ఇరుసు ఎక్కును, ఇరుసుతో బండి ఎక్కును, బండితో మన నడుము ఎక్కును. క్రింద పరచిన వరిగడ్డియే స్ప్రింగు. జట్కాబండికి వచ్చుసరికి ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి విల్లువలె వంచి ఇరుసునకును బండికిని నడుమ కట్టిరి. ఇవే కమానులు. ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ అను బండ్ల పనివాడు 1804లో ఇట్టి జంట కమానులను కనిపెట్టి పేటెంటు పొందెనని గ్రంథములు చెప్పుచున్నవి. అంతకు చాలముందే, 1678లో, రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు స్ప్రింగు ఎంత సాగునో అంత బలముతో లాగునను నియమమును ప్రకటించెను. ఇన్ని శతాబ్దములైనను బండి స్ప్రింగు శాస్త్రమంతయు ఈ యొక్క వాక్యముపైననే నిలిచియున్నది.

కమానుకట్టను తక్కువగా జూడరాదు. అది బరువును మోయును, ఇరుసును తన స్థానమున పట్టి యుంచును, పట్టీల నడుమ రాపిడివలన ఊపును కొంత అణచును. ఒక్క వస్తువు మూడు పనులు చేయుచున్నది. విజయవాడ ఆటోనగరులో లారీల క్రింద నేటికిని ఇదే చూతురు. 1947 నుండి మహీంద్రావారు మన దేశమున కూర్చిన విల్లీస్ జీపులకును, జబల్పూరు రక్షణ కర్మాగారములలో తయారైన జోంగాలకును ముందు వెనుకలు రెంటను కమానులే. పాడేరు, అరకు సంతలకు ఘాటు రోడ్లమీద సరకును మనుష్యులను ఎక్కించుకొని పోవు బండ్లు ఎన్నియో ఈ కమానుల పుణ్యముననే నడచుచున్నవి.

అయినను ఒక లోపము కలదు. ముందు చక్రములు రెండును ఒకే యిరుసుకు బిగింపబడియున్నచో, ఎడమ చక్రము రాతినెక్కినపుడు కుడి చక్రముకూడ ఒరుగును; స్టీరింగు చేతిలో కొట్టుకొనును. కావున ఏ చక్రమునకా చక్రము వేరుగా కదలునట్టి ఏర్పాటు వచ్చినది. ఛాసిస్ ప్రక్కన తలుపు బందులవలె మడతపడు రెండు చేతులు, ఒకటి పైన, ఒకటి క్రింద. వాటి చివర చక్రము. ఈ చేతులను మెకానిక్కులు ఆర్ములందురు. తలుపు బందు తనంతట తాను బరువు మోయజాలదు గదా! బరువు మోయుటకు స్ప్రింగు ఒకటి కావలెను. దానిని ఎక్కడ పెట్టుదురనునదే అసలు ప్రశ్న.

ఒక సమాధానము ఇదిగో, ఈ బల్లమీద నున్నది. పాత బండినుండి విప్పిన టార్షన్ బారు. చూచుటకు గునపమువలె నున్నది. దీని ముందుకొన ఆర్మునకు తగులుకొనును. వెనుకకొన బండి నడుమ నున్న అడ్డపట్టీకి బిగింపబడును. చక్రము పైకి లేచినపుడు ఈ కడ్డీ తడిబట్టను పిండినట్లు మెలితిరుగును. మెలితిరిగిన ఉక్కు తిరిగి నిటారగుటకు చేయు ప్రయత్నమే స్ప్రింగు బలము. ఫ్రాన్సుదేశపు సిట్రోయెన్ కంపెనీ 1934లో దీనిని కార్లలో ప్రవేశపెట్టినది. మన దేశమున 1998లో వచ్చిన టాటా సఫారీకిని, 2010లో వచ్చిన మహీంద్రా థార్‌కును ముందువైపు ఇట్టి కడ్డీలే. విదేశములలో 2002 నుండి అమ్ముడైన మొదటి తరము ఇసుజు డి-మాక్సు పికప్పునకును ఇదే ఏర్పాటు.

ఈ కడ్డీని తక్కువ చోటులో ఇముడ్చవచ్చును. చక్రము దగ్గర ఖాళీ మిగులును. నాలుగు చక్రముల బండికి ముందు చక్రములను త్రిప్పు షాఫ్టు పోవుటకు దారి దొరకును. కడ్డీ లావులోని చిన్న మార్పు బిగువులో పెద్ద మార్పు తెచ్చును, ఏలయన బిగువు వ్యాసముయొక్క నాలుగవ ఘాతము ననుసరించి పెరుగును. లావు నూటికి పది పెంచినచో బిగువు నూటికి నలువదియారు పెరుగును. ఇంకొక మాట. ఎడమ కడ్డీని కుడివైపు తగిలింపరాదు. కర్మాగారములో దానికి ఒకే దిశలో మెలికయిచ్చి అలవాటు చేసియుందురు. దానిపై ఉలిగాటు పడరాదు. ఆ గాటునుండియే ఒకనాడు పగులు మొదలగును.

రెండవ సమాధానము చుట్టు స్ప్రింగు. ఇక్కడ ఒక తమాషా యున్నది. చుట్టు స్ప్రింగును నొక్కినపుడు దాని తీగ వంగుచున్నదని మనమనుకొందుము. నిజమునకు తీగ మెలితిరుగుచున్నది. అనగా చుట్టు స్ప్రింగు చాపచుట్టగా చుట్టిన టార్షన్ బారే! ఉక్కు గుణము ఒక్కటే, శాస్త్రమొక్కటే. కావున టార్షన్ బారు నీచమైనది, కాయిలు ఉత్తమమైనది అని దుకాణదారు చెప్పినచో నమ్మనక్కరలేదు. మారునది ఉక్కు గుణము కాదు; బరువు మోయు చోటు. ఈ మాటను గుర్తుంచుకొనవలసినదిగా కోరుచున్నాను, ముందు దీనితో పని యున్నది.

ఇక కాయిలోవరు. స్ప్రింగు ఒక్కటే యున్నచో బండి గోతిలో దిగి లేచినపిమ్మట ఊయలవలె ఊగుచునే యుండును. ఆ ఊపు నణచుటకు నూనె నింపిన గొట్టము ఒకటి కావలెను. ఢిల్లీ మిస్త్రీ దానిని శాకర్ అనును, మనవారు షాకబ్జర్ అందురు. లోపలి పిస్టను చిన్న రంధ్రములగుండ నూనెను నెట్టుచుండగా ఊపు అణగి వేడిగా మారును. ఈ గొట్టముపైననే చుట్టు స్ప్రింగును తొడిగి, స్ప్రింగు కూర్చుండు పళ్లెమును మరచుట్టుపై పైకి క్రిందికి జరుపుటకు వీలు కల్పించినచో అది కాయిలోవరు. స్ప్రింగూ షాకబ్జరూ రెండును ఒక్క కట్టగా, ఒక్క చోట.

కంపెనీలవారే ఈ దారిని పోయిరి. 2020లో వచ్చిన క్రొత్త థార్‌లో టార్షన్ బారు పోయి, రెండు ఆర్ముల నడుమ షాకబ్జరుపై స్ప్రింగు వచ్చినది. మన తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో 2016 నుండి ఇసుజువారు తయారుచేయుచున్న డి-మాక్సు వి-క్రాసు పికప్పునకు ముందు ఆర్ములతో కూడిన చుట్టు స్ప్రింగు, వెనుక కమానులు. తడ దగ్గర జాతీయ రహదారిమీద పోవువారు ఆ కర్మాగారమునుండి వచ్చు బండ్లను చూచియే యుందురు. పికప్పులోకమున క్రొత్త శాస్త్రమును చూడగోరు పిల్లలు దూరదేశములు పోనక్కరలేదు. సెలవులకు ఊరికి పోవునపుడు శ్రీసిటీ బండి క్రింద ఒకసారి తల పెట్టి చూచిన చాలును. అట్టి బండి ఉన్నవారికి పని సులభము. స్ప్రింగు నిలుచుటకు కావలసిన గిన్నెవంటి చోటు ఛాసిస్‌పై కర్మాగారములోనే కట్టబడియున్నది. పాత కట్టను విప్పి దానికి సరిపోవు మేలైన కట్టను బోల్టులతో బిగించుటయే. కష్టమంతయు టార్షన్ బారు బండ్లవారిది.

టార్షన్ బారు బండి గలవారు మొదట చేయు పని వేరు. వెనుకకొన యందున్న బోల్టును త్రిప్పుదురు. బండి ముందుభాగము రెండంగుళములు లేచును. ఖర్చు లేదు, కోత లేదు, చూచుటకు ఠీవి. చక్రము గోతిలోనికి దిగుటకు ఎనిమిది సెంటీమీటర్ల వెసులుబాటు ఉన్నదనుకొనుడు. బండిని అయిదు సెంటీమీటర్లు ఎత్తినచో మిగిలినది మూడే. కడ్డీ బిగువు ఏమాత్రమును మారలేదు. చక్రము దిగు దారి మాత్రము మూసికొనిపోయినది. గోతిలో చక్రము నేలనందక గాలిలో తిరుగును; షాఫ్టు కీళ్లు వంకరకోణమున అరుగును; ఆర్ము రబ్బరుదిమ్మకు మాటిమాటికి కొట్టుకొనును. కొండనాలుకకు మందువేసిన ఉన్న నాలుక ఊడినట్లన్నమాట. నగరపు రోడ్లలో తిరుగుచు ఎత్తు కొఱకు మాత్రమే ఈ పని చేయువారి సంఖ్య తక్కువగా లేదు. వారిని ఇంట్లో పెద్దలు మందలించుట న్యాయమే.

నిజముగా కొండదారులు పోవువాడు, బరువు మోయువాడు, గంటలతరబడి రాళ్లమీద నడపువాడు కాయిలోవరును కోరుటలో తప్పు లేదు. చక్రము నేలను వదలక పట్టుకొని యుండుట అతనికి సుఖము కొఱకు గాదు, ప్రాణము కొఱకు. అమెరికాఖండమున మెక్సికోదేశపు బాహా ద్వీపకల్పములో 1967లో ఆరంభమైన ఎడారి పందెములు ఈ విద్యకు పెద్ద బడియైనవి. మన దేశమున 2007లో మొదలైన బాహా పోటీలలో ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తమ చేతులతో చిన్న బండ్లను కట్టి పరుగెత్తించుచున్నారు. వాటికిని ఈ ఆర్ములు, ఈ గొట్టములే. అయితే ఆ విద్యార్థులు బండిని కట్టుటకు ముందు నెలలతరబడి లెక్కలు వేయుదురు. మన పిల్లలు మార్చదలచిన పికప్పు ఆ బండికంటె ఎన్నోరెట్లు బరువు. లెక్క అంతకంటె ఎక్కువ వేయవలెనా, తక్కువ వేయవలెనా?

ఆ లెక్క నిపుడు వేయుదము. పలకా బలపము అక్కరలేదు. నోటిలెక్కకు వచ్చునట్టి అంకెలనే తీసికొందును.

ఒక ముందు చక్రముపై స్ప్రింగు మోయవలసిన బరువు 450 కిలోలనుకొందము. బండి నిలిచియున్నపుడు ఈ బరువునకు స్ప్రింగు దిగుటవలన చక్రము దగ్గర 150 మిల్లీమీటర్ల దిగుడు ఏర్పడునట్లు చూతము. అనగా మిల్లీమీటరునకు 3 కిలోల బిగువు. అట్టి బండి నిమిషమునకు సుమారు 77 ఊపులు ఊగును. సుఖమైన బండ్లు అరువదికిని తొంబదికిని నడుమ ఊగును గనుక ఇది మంచి అంకె.

ఇప్పుడు మెలిక. కాయిలోవరు చక్రముపై నేరుగా కూర్చుండదు. క్రింది ఆర్ముపై లోపలివైపున కూర్చుండును. ఆర్ము పొడవులో బందునుండి పదింట ఆరవపాలు దూరమున దానిని బిగించితిమనుకొనుడు. పిల్లలాడు తిరుగుడుబల్ల లెక్కయే. దగ్గర కూర్చున్నవాడు ఎక్కువ బరువుండవలెను. కావున చక్రము దగ్గర 450 కిలోలు కాయిలోవరు దగ్గర 750 కిలోలగును. చక్రము 150 మిల్లీమీటర్లు కదలినపుడు కాయిలోవరు 90 మాత్రమే కదలును. 750ని 90తో భాగించినచో మిల్లీమీటరునకు 8.3 కిలోలు. చక్రము దగ్గర 3 కావలెనన్నచో స్ప్రింగు 8.3 ఉండవలెను! బలము ఒకసారి, కదలిక ఒకసారి, రెండుసార్లు ఆ పదింట ఆరుతో భాగించవలసివచ్చినది. తెలియనివారు ఒకసారియే భాగించి 5 కిలోల స్ప్రింగు తెత్తురు. బండి ముక్కు నేలకు వంగును. స్ప్రింగు చెడ్డదని దుకాణముతో తగవు. కాయిలోవరు నిటారుగా గాక ఇరువది డిగ్రీలు ఒరిగియున్నచో చక్రము దగ్గర బిగువు ఇంకను నూటికి పన్నెండువంతులు తగ్గును.

చక్రమునకు మొత్తము 200 మిల్లీమీటర్ల కదలిక కావలెననుకొందము. దిగుటకు 80, ఎక్కుటకు 120. కాయిలోవరు దగ్గర ఇది 120. దిగుటకు 48, ఎక్కుటకు 72. చక్రము పూర్తిగా వ్రేలాడినపుడు కూడ స్ప్రింగు 42 మిల్లీమీటర్లు నొక్కబడియే యుండును. పూర్తిగా పైకి పోయినపుడు 162 మిల్లీమీటర్లు నొక్కబడును. 162ను 8.3తో గుణించినచో సుమారు 1,350 కిలోలు. స్ప్రింగొక్కటియే ఇంత. షాకబ్జరు బలము, చివర రబ్బరు దెబ్బ దీనికి అదనము. ఆ 162 మిల్లీమీటర్లలోపల స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగులుకొనునట్టి పొట్టి స్ప్రింగును కొన్నచో అది స్ప్రింగు గాక ఇనుపదిమ్మ యగును.

ఈ 1,350 కిలోలు ఎక్కడికి పోవును? ఇందాక గుర్తుంచుకొనుమన్న మాట ఇక్కడ అక్కరకు వచ్చుచున్నది. టార్షన్ బారు ఉన్నంతకాలము బండి బరువు నడుమనున్న అడ్డపట్టీకి పోవుచుండెను. చక్రముపైనున్న షాకబ్జరు కొక్కెము ఊపు నణచు బలమును మాత్రమే మోసినది. బండి బరువును అది ఏనాడును మోయలేదు. అట్టి పలుచని కొక్కెమునకు కాయిలోవరు తగిలించుట, బట్టలారవేయు మేకునకు ఊయల కట్టుట వంటిది.

కావున ఛాసిస్‌పై క్రొత్తగా ఒక గోపురము కట్టవలెను. మందమైన గొట్టములతో విల్లువలె వంచి, ఛాసిస్ పట్టెకు అడుగున వెడల్పైన పలక అతికి, ఆ పలకపై దీనిని నిలుపుదురు. ఎడమ గోపురము, కుడి గోపురము రెండును లోపలికి వంగునట్లు బలము పడును గనుక ఇంజనుమీదుగా ఒక అడ్డగొట్టముతో వాటిని కలుపవలెను. వెల్డింగు పనియే ఇక్కడ ప్రాణము. ఛాసిస్ పట్టె పై అంచును అడ్డముగా తెగవేసినట్లు వెల్డింగు పెట్టరాదు. పలక కొనలను వాలుగా కోసి పట్టె పొడవునా అతుకు పోవునట్లు చూడవలెను. వేడికి అతుకు ప్రక్కన ఉక్కు గుణము మారును. పగులు అతుకులో గాక అతుకు అంచున మొదలగును. నేను చూచిన యొక బండిలో టైరు లోపలియంచు త్వరగా అరుగుచున్నదని అలైన్‌మెంటు పలుమార్లు చేయించిరి. చక్రము తప్పు కాదు. గోపురము అడుగున వెండ్రుకవాసి పగులు పుట్టి, బరువు పడినప్పుడెల్ల గోపురము లోపలికి వాలుచుండెను. రంగు వేసియుండుటచే కంటికి కానరాలేదు. ఆ బండి అప్పటికి ఒకసారి కొండలకు పోయి వచ్చినది, అందులో కుటుంబము కూడ నుండెను.

గోపురముతో పని తీరదు. స్ప్రింగు లావు పై ఆర్మునకు తగులును గనుక చాలబండ్లలో పై ఆర్మును కూడ మార్చవలసియుండును. చక్రమును త్రిప్పు షాఫ్టు సరిగా కాయిలోవరు రావలసిన చోటనే పోవుచుండును. ముందుకో వెనుకకో జరుపవలెను, లేదా అడుగున చీలిన కాలు పెట్టవలెను. బ్రేకు నూనె గొట్టము పాత కదలికకు తగిన పొడవుననే యుండును. క్రొత్త కదలికలో అది లాగబడి తెగినచో సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. స్టీరింగు కడ్డీ, ఆర్ములు ఒకే కేంద్రము చుట్టు తిరుగనిచో గతుకు వచ్చినపుడెల్ల చక్రము తనంతట పక్కకు తిరుగును.

వీటినన్నిటిని ముందే తెలిసికొనుటకు చక్కని ఉపాయమొకటి కలదు, మంచి పనివారందరు చేయునది. కాయిలోవరునుండి స్ప్రింగును తీసివైచి, ఉత్త గొట్టమునే తగిలింతురు. బండిని గట్టి స్టాండులపై నిలిపి, చక్రమును చిన్న జాకీతో అడుగునుండి పైదాక మెల్లగా కదుపుదురు. ప్రతి రెండు సెంటీమీటర్లకు ఆపి స్టీరింగును ఎడమ కొసనుండి కుడి కొసకు త్రిప్పి, ఎక్కడ ఏమి తగులుచున్నదో, ఏ గొట్టము లాగుచున్నదో చూచి సుద్దముక్కతో గుర్తు పెట్టుదురు. ఒక పూట పట్టును. ఈ పూటను మిగుల్చుకొన్న మిస్త్రీకి బండి అప్పగింపరాదు. చక్రము మరీ వ్రేలాడక ఆపుటకు బట్టపట్టీ, మరీ ఎక్కక ఆపుటకు రబ్బరుదిమ్మ వేరుగా ఉండవలెను. షాకబ్జరే ఆ రెండు పనులును చేయవలెనన్నచో అది ఎంతో కాలము బ్రదుకదు.

షాకబ్జరును గూర్చి క్లుప్తముగా. రాళ్లదారిలో గంటసేపు పోయినపుడు లోపలి నూనె కాగిన నూనెయగును. నూనెలో గాలి కలిసి నురుగు వచ్చినచో అణచు శక్తి పోవును. అందుకే మంచి గొట్టములలో ఒక ప్రక్క నైట్రోజను వాయువును ఒత్తిడితో నింపి నూనెనుండి వేరుచేయుదురు. ఫ్రాన్సువాడైన ద కార్బన్ అను ఇంజనీరు కనిపెట్టిన యీ పద్ధతిని 1950ల దశకమున జర్మనీదేశపు బిల్‌స్టైన్ కంపెనీ పెద్దయెత్తున తయారీలోనికి తెచ్చినది. ప్రక్కన వ్రేలాడు చిన్న బుడ్డివంటి అదనపు పాత్ర కూడ ఇందుకొఱకే, అలంకారము కొఱకు గాదు. ఆఫీసునకు పోయివచ్చు బండికి అది అనవసరము.

మరచుట్టు పళ్లెమును గూర్చిన భ్రమ యొకటి కలదు. దానిని బిగించినచో స్ప్రింగు గట్టిపడునని పిల్లలందరు అందురు. గట్టిపడదు. మన లెక్కబండిలో పళ్లెమును 10 మిల్లీమీటర్లు దింపినచో చక్రము దగ్గర బండి సుమారు 17 మిల్లీమీటర్లు లేచును, బిగువు 8.3 కిలోలే. దిగు కదలిక అంతమేర తగ్గును. టార్షన్ బారు బోల్టును త్రిప్పినవారు చేసిన పనియే ఇది, వేషము మాత్రము వేరు. స్ప్రింగు చాలనిచో స్ప్రింగునే మార్చవలెను.

తల్లుల భయమునకు వచ్చెదను. నడిరోడ్డుకంటె సందులో విప్పునపుడే అపాయము ఎక్కువ. మెలిపడిన టార్షన్ బారులోను, నొక్కిన స్ప్రింగులోను దాగియున్న శక్తి సామాన్యము కాదు. బోల్టును తగిన పనిముట్టు లేక వదలించినను, స్ప్రింగును తాళ్లతో కట్టి విప్పినను ఎముకలు విరుగును. జాకీ ఒక్కదానిమీద బండిని నిలిపి క్రింద దూరరాదు. ఈ జియా సరాయ్ సందులలో నేల సమముగా నుండదు. మోటారు సైకిలు తగిలినను జాకీ ఒరుగును. ఈ పని కార్ఖానాలో జరుగవలసినది, గుమ్మము ముందు కాదు.

మనలో చాలమందిమి సర్కారు కొలువువారము గనుక చట్టమును విస్మరింపరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు చెప్పినవానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని కఠినముగానే వ్యాఖ్యానించినది. అదే సంవత్సరపు సవరణచే చేరిన 182-ఎ విభాగము, అనుమతి లేని మార్పునకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు నెలలవరకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునన్నది. అరిగిన షాకబ్జరు స్థానమున అట్టి షాకబ్జరే వేయుట మరమ్మతు. ఛాసిస్‌పై క్రొత్త గోపురము అతుకుట మరమ్మతు కాదు. పనికి ముందుగానే రవాణా కార్యాలయమున వ్రాతపూర్వకముగా అడుగవలెను. భీమా కంపెనీకి తెలుపవలెను. అనుమతి రానిచో, పోటీలకొఱకు మూసిన మైదానములలో తిరుగు బండికి మాత్రమే ఈ పని తగును. దానిని అచ్చటికి మరొక బండిపై ఎక్కించుకొని పోవలెను. స్పితికి పోవుటకు రోడ్డే దారి. ఆ కోరిక గలవారు మొదటినుండియు చుట్టు స్ప్రింగు గల బండినే కొని, దానికి సరిపోవు మంచి షాకబ్జర్లు వేసికొనుట నా యుద్దేశమున చౌక, క్షేమము కూడ. వినుటకు పిల్లలకు రుచింపకపోవచ్చును.

అన్నియు సక్రమముగా జరిగి బండి బయటికి వచ్చినచో, మొదట చక్రముల అలైన్‌మెంటు, పిమ్మట హెడ్‌లైట్ల కోణము సరిచేయింపవలెను; ముక్కు లేచిన బండి దీపము ఎదుటివాని కన్నులలో పడును. మొదటి వంద కిలోమీటర్లకు ఒకసారి, అయిదు వందలకు ఇంకొకసారి ప్రతి బోల్టును కొలతపానాతో చూడవలెను. బిగించినపుడే బోల్టుమీదుగా పలకమీదికి తెల్లరంగుతో ఒక గీత గీయించుడు. గీత విరిగియున్నచో బోల్టు కదలినదన్నమాట. టార్చిలైటు పట్టుకొని వంగి చూచిన పదేండ్ల పిల్లకును అది తెలియును.